రెంటచింతల ఎండలో ఐసు డబ్బా

రెంటచింతల ఎండ చూడ్డానికి విదేశాల నుంచి డాక్టర్లు వస్తున్నారని మా నాన్న చెప్పిన రోజు మధ్యాహ్నం నేను అన్నం ముట్టలేదు. ఆకలి లేక కాదు, సంతోషంతోనే కడుపు నిండిపోయింది. ఎనభైల మధ్యలో సంగతి ఇది. మాది రెంటచింతల పక్కనే గురజాల, అక్కడే ఇంటర్ చదువుతున్నాను. వేసవి సెలవులు. చేతికి పని లేదు, నోటికి మాత్రం విశ్రాంతి లేదు.

మా ఎండను ఎవరైనా మెచ్చుకోగా నేను అంతకుముందు వినలేదు. మే నెల వచ్చిందంటే పేపర్లో రెంటచింతల పేరు పడేది, అందరికంటే ఎక్కువ ఎండ అక్కడే కాసిందని. మేం ఆ ఎండను తిట్టుకుంటూనే దాని పేరు చెప్పి గొప్పలు పోయేవాళ్ళం. ఎక్కడి నుంచో వచ్చిన చుట్టాలు విసనకర్ర ఊపుకుంటూ ఉసూరుమంటే, "ఇదేం ఎండ? రెంటచింతల రండి చూపిస్తాం" అనేవాళ్ళం, ఆ పొయ్యేదో మేమే రాజేసి పెట్టినట్టు.

మాది నూర్‌బాషా కుటుంబం. మసీదుకు పోతాం, ఇంట్లో మాత్రం తెలుగే. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన విల్లు మోగితే వీధి చివరిదాకా వినపడేదట. మా నాన్న ఆ దుమ్ము పడక మైకు సెట్టు పెట్టాడు. "నా బాబు చప్పుడు వీధి చివరిదాకా పోయేది, నాది ఊరి చివరిదాకా పోద్ది" అని నవ్వేవాడు. రెండు బాకాలు, ఒక అంప్లిఫయరు, కారు బ్యాటరీ, కట్టలుకట్టలుగా వైరు. పెళ్ళిళ్ళు, ఉరుసులు, శ్రీరామనవమి పందిళ్ళు, చర్చి పండగలు, ఎలక్షన్లు అన్నీ మావే. పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాని మీద పోటీ చేసే పార్టీకి అదే బాకా కట్టేవాడు. పల్నాట్లో అలా బతికి బట్టకట్టాలంటే ఒక కట్టుబాటు ఉండాలి. మా నాన్న కట్టుబాటు ఒకటే: "మైకు మనది, మాట వాళ్ళది." వాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఉన్నది చదవాలి, మన సొంత మాట ఒక్కటి కూడా అందులో కలపకూడదు. కలిపామా, మర్నాటికల్లా ఎవరో ఒకరి మనిషి అన్న ముద్ర పడుతుంది. ఆపైన బాకాలూ మిగలవు, మనమూ మిగలం.

మైకు గురించి మా వైపు ఇంకో సంగతి ఉంది. నోటితో అన్నమాటను ఎవరైనా కాదనొచ్చుగానీ మైకులో వచ్చిన మాటను కాదనడం నామోషీ. పందిళ్ళ కమిటీ పెద్దలకు ఇది బాగా తెలుసు. పిసినారి ఆసామి ఎవరైనా చందా ఇవ్వకుండా తప్పించుకు తిరుగుతుంటే, ఆయన్ని అడక్కుండానే మైకులో చెప్పించేసేవాళ్ళు, ఫలానావారు పందిరికి ఇంత ఇస్తున్నారు, వారికి మా కృతజ్ఞతలు అని. ఆ మనిషి ఇంట్లో కూర్చుని పళ్ళు కొరికేవాడు, పొద్దునకల్లా తెచ్చి ఇచ్చేవాడు. ఊరంతా విన్నాక లేదంటే పరువేం కాను? నేను చిన్నప్పటి నుంచి ఈ వేడుక చూస్తూ పెరిగాను.

ఇక ఆ డాక్టర్ల సంగతి. గవర్నమెంటు ఆస్పత్రి పెద్ద డాక్టరు గారు జీపులో వచ్చి మా మైకు కొట్టు ముందు దిగి, బెంచీ మీద కూర్చుని, సోడా తాగి, నాన్నకు అంతా వివరంగా చెప్పారు. ప్రపంచంలో దేశాలన్నీ కూడబలుక్కుని ఒక మాట అనుకున్నాయట, ఎక్కడ పుట్టిన బిడ్డకైనా టీకాలు అందాల్సిందేనని. మాట బాగానే ఉందిగానీ కొందరు పెద్దలకు అనుమానం. టీకా మందు చల్లగా ఉంటేనే పనిచేస్తుంది, కరెంటు నిలకడలేని ఎండ ఊళ్ళలో అది చల్లగా ఎట్లా ఉంటుంది, అంతా దండగ కదా అని. దండగ కాదు, చేయొచ్చు అని దేశదేశాల సభలో వాదించడానికి కొంతమంది డాక్టర్లు బయల్దేరారు. వాదించే ముందు కళ్ళారా చూడాలని ఎండ ఊళ్ళన్నీ తిరుగుతున్నారు. మన దేశంలో ఒక ఊరు చూపించమంటే పైవాళ్ళు రెంటచింతల చూపించారు.

"ఇక్కడ ఐసు నిలిచిందంటే ఇంకెక్కడైనా నిలిచినట్టే" అన్నారు డాక్టరు గారు. తలుపు వెనక నిలబడి వింటున్న నాకు ఒళ్ళు ఝల్లుమంది. ప్రపంచం! మాచర్ల బస్సు దాటి లోకం తెలియని నాకు, ప్రపంచమే జీపెక్కి మా రోడ్డు మీదకు వస్తోంది.

టీకాల రోజుకు ముందు రోజు ఊరంతా ప్రచారం చేయాలి. తల్లులకు చెప్పే మాట గనక ఆడగొంతు అయితే బాగుంటుందని డాక్టరు గారు అన్నారు. నాన్న గొంతు అప్పటికే పెళ్ళిళ్ళ సీజనుకు బొంగురుపోయి ఉంది. ఆయన తల గోక్కుంటూ తలుపు వైపు చూశాడు. నేను అప్పటికే బయటికి వచ్చేశాను.

"కాగితంలో ఉన్నదే చదవాల" అన్నాడు నాన్న.

"కాగితంలో ఉన్నదే" అన్నాను. ఆ క్షణంలో ఏం అడిగినా ఒప్పుకునేదాన్నే.

రెంటచింతలలో మా అక్క అత్తగారిల్లు. బావ దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని, వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది అక్క, అక్క కొడుకు, అక్క అత్తగారు. ఆమెను నేనూ అత్తా అనే పిలిచేదాన్ని. పొడుగాటి మనిషి, ఎప్పుడూ చేతిలో బొంత, నోట్లో దారం. మాటకు మాట తెగ్గొట్టే రకం. ఆ ఊళ్ళో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు లేదు, ఆమె చేత తిట్టు తినని మనిషీ లేడు.

ప్రచారానికని నాన్నా నేనూ పొద్దున్నే మైకు సెట్టు బస్సు మీద వేసుకుని రెంటచింతలలో దిగాం. అక్క ఇంట్లో అడుగుపెట్టగానే పక్కవీధి నుంచి దగ్గు వినపడింది. మామూలు దగ్గు కాదు, కోరింత దగ్గు. దగ్గి దగ్గి ఊపిరందక చివర్లో కూత పెడతారే, అది. ఆ దగ్గుతో వెనక వీధిలో ఒక పసిబిడ్డ అంతకు కొన్నాళ్ళ ముందే పోయిందని అక్క చెప్పింది. చెబుతూ చంకలో ఉన్న వాడిని గట్టిగా అదుముకుంది. వాడు అప్పుడప్పుడే పాకుతున్నాడు, చేతికి అందిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు, కొత్త మనిషిని చూస్తే బోసినోరు తెరిచి నవ్వుతున్నాడు.

"రేపు వీడికి వేయిస్తావు గదా" అన్నాను.

అక్క వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "అత్త ఒప్పుకోదే. ఈ గడపలో సూది మాట ఎత్తొద్దంది. మీ బావ కూడా ఆమె మాట దాటడు. ఎట్టన్నా చేయవే, నీకు నోరుంది గదా. ఆ దగ్గు ఇంటి దాకా వచ్చేసింది. నాకు అన్నం సయించట్లా."

అక్క ఎప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఇంట్లో అడిగేదాన్ని నేను, ఇచ్చేది తను.

అత్త దగ్గరికి పోయి నేరుగానే అడిగాను. "పొద్దస్తమానం సూది పట్టుకుని కూర్చుంటావు, సూదంటే నీకు భయమేంది అత్తా?" అని నవ్వించబోయాను. ఆమె నవ్వలేదు.

"నా రెండోవాడికి వేశారు" అంది, బొంత మీంచి తల ఎత్తకుండానే. "జీపులో వచ్చారు, వేశారు, పోయారు. ఆ రాత్రి జరం పట్టింది. వాడు మళ్ళా లేవలా. సూది వల్ల పోయాడో, ఇంకో రోగమొచ్చి పోయాడో చెప్పే నాథుడు లేడు. ఆ జీపు మళ్ళా ఈ వీధి మొగం చూళ్ళా. నువ్వింక ఆ మాట ఎత్తొద్దు, పో."

పొమ్మంటే వచ్చేశాను.

కానీ రిక్షా ఎక్కి మైకు చేతిలోకి తీసుకున్నాక అన్నీ మర్చిపోయాను. ముందు బాకా, వెనక బాకా, మధ్యలో నేను, కాళ్ళ దగ్గర బ్యాటరీ, పక్కన నడుస్తూ నాన్న. "రెంటచింతల గ్రామ తల్లులకు ముఖ్య గమనిక" అని మొదటి మాట అనగానే నా గొంతు నాకంటే ముందు పరిగెత్తుకుంటూ పోయి చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది. ఎంత బాగుందో ఎలా చెప్పను! కోళ్ళు చెదిరాయి. పిల్లలు రిక్షా వెంటపడ్డారు. ఒక ముసలాయన చుట్ట తీసి చేత్తో పట్టుకుని, "ఎవురి పిల్లే ఇది, గొంతు గంటలాగుంది" అన్నాడు. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం, మూడు రోగాలకూ ఒకే ఇంజక్షను, పోలియోకు చుక్కలు, రేపు పొద్దున హైస్కూలు ఆవరణలో, విదేశాల డాక్టర్ల సమక్షంలో అని చదివాను. చదివిన వీధే మళ్ళీ చదివాను. అక్క ఇంటి ముందైతే రిక్షా ఆపించి మరీ చదివాను. అత్త గడపలో నిలబడి అంతా విని, "నోరు బాగానే ఉంది, బుద్ధే తక్కువ" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే స్కూలు ఆవరణలో శామియానా వేశారు. జనం సూది కోసం కాదుగానీ దొరసానుల్ని చూడ్డానికి విరగబడి వచ్చారు. ఎండ అప్పటికే చెంపలు వాయిస్తోంది. జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి. ఇద్దరు తెల్లవాళ్ళు దిగారు, ముఖాలు పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి. వాళ్ళ వెనక ఒక ఆడమనిషి దిగింది. ఆమెది ఆఫ్రికాలో ఏదో దేశమట. తలకు పూలపూల గుడ్డ పెద్దగా చుట్టుకుంది, భుజానికి టేపు రికార్డరు. మా ఎండ ఆమెను ఏమీ చేయలేదు. దిగీ దిగగానే ఆకాశం వైపు చూసి, ఇంటికొచ్చినట్టు నవ్వింది. దొరసాని కోసం వచ్చిన జనం ఒక్క నిమిషం బిత్తరపోయి, తర్వాత ఆమె చుట్టూనే మూగారు. "మా ఊళ్ళోనూ ఇదే ఎండ" అందని డాక్టరు గారు తెలుగులో చెప్పగానే ఆడవాళ్ళకు ఆమె చుట్టమైపోయింది.

ఆ ఊరి నర్సమ్మ ఐసు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. చర్చి వీధిలో అద్దెకుంటూ ఒక్కతే ఊళ్ళన్నీ తిరిగే మనిషి. పొద్దున చీకటితో గురజాల ఆస్పత్రికి పోయి, ఆ డబ్బాలో ఐసు, మందు సీసాలు నింపుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూత తీసింది. డబ్బాలోంచి తెల్లగా చల్లటి ఆవిరి లేచింది. తెల్లాయన అందులోంచి చిన్న థర్మామీటరు తీసి చూసి, రెండో ఆయనకు చూపించి, ఆమెకు చూపించాడు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మేమందరం కొట్టాం. వంద పొయ్యిల మధ్య పెట్టిన కుండలో ఐసు కరగలేదు! నా పక్కన అంప్లిఫయరు దగ్గర కూర్చున్న నాన్న కూడా చేతిలో స్క్రూడ్రైవరు పడేసి మరీ కొట్టాడు.

"ఇక బిడ్డల్ని తీసుకురండి" అన్నారు డాక్టరు గారు.

ఒక్కరు కదిలితే ఒట్టు. తల్లులందరూ బిడ్డల్ని చంకనేసుకుని వేపచెట్టు కింద వరసగా నిలబడ్డారు. "ముందు వాళ్ళనెళ్ళమను", "అదుగో ఆమెను వేయించుకోనీ, చూద్దాం" అంటూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నేను కాగితం మళ్ళీ చదివాను. ఇంకా గట్టిగా చదివాను. ఎవరూ రాలేదు. డాక్టరు గారి చొక్కా తడిసి ముద్దయింది. తెల్లవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఐసు నిలిచింది సరే, రేపు సభలో లేచి ఏమని చెబుతారు? మందు చల్లగానే ఉంది, వేయించుకునేవాళ్ళే లేరు అనా?

అప్పుడు కనపడింది మా అక్క. వేపచెట్టు చివరి నీడలో వాడిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. పక్కనే అత్త. విదేశాల వాళ్ళను చూడాలని ఆమెకూ ఉన్నట్టుంది, కానీ అక్క కొంగు మాత్రం గుప్పిట్లో పట్టుకుని ఉంది. అక్క నా వైపే చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఇంకోసారి ఈ అవకాశం రాదని ఇద్దరికీ తెలుసు.

నేను కాగితం మడిచి కింద పెట్టాను.

"ఇప్పుడు అందరికంటే ముందు" అన్నాను మైకులో, "బొంతలు కుట్టే మన అత్తమ్మ గారు తమ మనవడికి తమ చేతుల మీదుగా ఇంజక్షను వేయిస్తున్నారు. వారికి మా కృతజ్ఞతలు."

నాన్న చెయ్యి స్విచ్చి మీదకు పోయింది. అప్పటికే ఆలస్యమైంది, బాకాలు రెండూ ఊరి నలుమూలలకూ ఆ మాట చేర్చేశాయి. వేపచెట్టు కింద తలలన్నీ ఒక్కసారి అత్త వైపు తిరిగాయి. భయమేసింది, నిజమే. కానీ ఆ భయం కింద ఏదో ఎగిరి గంతేస్తోంది. మా నాన్న కట్టుబాటు తప్పినందుకు నేను ఈరోజుకీ చెంపలు వేసుకోలేదు, వేసుకోను.

అత్త కొంగు వదిలింది. అక్క భుజం మీంచి పిల్లవాడిని లాక్కుంది. ఎండలోకి వచ్చింది. నేరుగా ఇంటికి పోతుందనుకున్నాను. కాదు, నా వైపు వచ్చింది. నా చేతిలోంచి మైకు గుంజుకుంది.

"ఏమే, వేయిస్తానని నేను నీకెప్పుడు చెప్పానే?" అంది. అది మైకులోనే అంది గనక ఊరంతా వింది, ఊరంతా గొల్లుమంది. అత్త ఒక్కసారి ఉలిక్కిపడి మైకు వైపు చూసింది. తన గొంతు అంత పెద్దగా తిరిగి రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆగిపోయే దాకా నిలబడి, తర్వాత విదేశాల వాళ్ళ వైపు తిరిగింది.

"వచ్చినోళ్ళకు ఒకటి అడుగుతా" అంది, ఈసారి మెల్లగా. "నా రెండోవాడికి వేసి పోయారు. వాడికి జరమొచ్చింది. ఎవుర్ని అడగాల్నో తెలవక ఆ జీపు పోయిన రోడ్డెంబడి పరిగెత్తినా. ఇయ్యాల వీడికి వేస్తారు. మంచిదే. సాయంత్రం వీడికి జరమొస్తే ఎవురుంటారు? మీరు ఏ దేశంలో ఉంటారు?"

ఇంతకుముందు మోచేతులతో పొడుచుకున్న తల్లులు నీడలోంచి ఒక్కో అడుగు ముందుకొచ్చి నిలబడ్డారు. వాళ్ళందరి నోట్లో ఉన్న మాట అదేనని అప్పుడర్థమైంది నాకు. డాక్టరు గారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలా వద్దా అని తటపటాయించారు. తలకు పూలగుడ్డ చుట్టుకున్న ఆమె ఊరుకోలేదు, చెప్పమని పట్టుబట్టింది. విన్నాక, తిరుగుతూనే ఉన్న టేపు రికార్డరు మీద చెయ్యి పెట్టి ఏదో అంది. "మా దేశంలో తల్లులూ ఇదే అడుగుతారు" అందని డాక్టరు గారు చెప్పారు.

జవాబు బల్ల వెనక నుంచి వచ్చింది. నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అత్త ముందు నిలబడింది.

"నేనుంటా అక్కా" అంది. "ఈ సూదికి సాయంత్రం జరం వచ్చిద్ది, చానామంది పిల్లలకు వచ్చిద్ది. నేను మీ ఇంట్లోనే పడుకుంటా. తగ్గిందాకా కదల్ను."

"నిజంగా ఉంటావా?"

"మైకులో చెప్పమంటావా?"

అత్త ఆమెను పైనుంచి కింద దాకా చూసింది. తర్వాత మైకు నా చేతికి తోసి, పిల్లవాడిని ఎత్తుకుని బల్ల దగ్గరికి నడిచింది. నర్సమ్మ స్పిరిట్లో ముంచిన దూది తీయగానే, "ఇదేం దూదే, గింజ ముక్కలు కూడా తీయలా. ఎవురు ఏకారు దీన్ని?" అని కసిరింది. అంతటి దాంట్లోనూ దూది ఏకే ఇంటి బుద్ధి పోనిచ్చుకోలేదు. సూది దిగింది. వాడు ఆకాశం అదిరేలా ఏడ్చాడు. పక్కనే ఉన్న మైకు ఆ ఏడుపును ఊరంతటికీ వినిపించింది. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. వేపచెట్టు కింద వరస కదిలింది. ఒకరి వెనక ఒకరు, తోసుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి నర్సమ్మకు మంచినీళ్ళు తాగే తీరిక లేకపోయింది. తెల్లవాళ్ళు ఫోటోలు తీశారు, పూలగుడ్డ ఆమె ఏడ్చే పిల్లలందరినీ ఎత్తుకుంది. నేను మైకులో పేర్లు పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాను. నా బతుకులో అంత సంబరం అంతకుముందు లేదు.

సాయంత్రం ఆమె చెప్పినట్టే వాడికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయింది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను ఆ రోజు అక్కడే ఆగిపోయాను, నాన్న సామానుతో గురజాల పోయాడు. వాడికేమన్నా అయితే అక్కకు ఆ ఇంట్లో బతుకు లేదు, ఆ ఊళ్ళో ఇక ఏ తల్లీ ఆ డబ్బా దగ్గరికి రాదు, నేను ఎవరికీ ముఖం చూపించలేను. అత్త గడపలో కూర్చుని వీధి చివరికే చూస్తోంది.

దీపాలు పెట్టే వేళకు నర్సమ్మ వచ్చింది. చేతిలో దుప్పటి, భుజాన సంచి. వాడికి మాత్ర ముక్క చేసి తేనెలో రంగరించి నాకించింది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది, ఆరుబయట వాడి పక్కనే మంచం వేసుకుంది. అత్త లేచి తను కుట్టిన కొత్త బొంత తెచ్చి ఆ మంచం మీద పరిచింది. పెళ్ళివాళ్ళకోసం కుట్టి దాచిన బొంత అది.

పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి వాడు నర్సమ్మ జడ పట్టుకుని లాగుతున్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. పొయ్యి దగ్గర అత్త జొన్నరొట్టె చేస్తూ, "ఉప్పుడే పోతావేంది, తిని పో" అని నర్సమ్మ మీద అరుస్తోంది. ఆమె అరుపు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

నాన్న మాత్రం రెండు రోజులు నన్ను మైకు ముట్టుకోనివ్వలేదు. మూడోరోజు వైరు చుడుతూ, "ఇంకోసారి కాగితం కింద పెట్టావంటే ఈ వైరు నీ మెళ్ళో వేస్తా" అన్నాడు. ఆ సాయంత్రమే కొట్టు దగ్గర ఎవరికో చెబుతుంటే విన్నాను, "మా పిల్లే, ఊరు ఊరంతటికీ సూది వేయించింది" అని.

తర్వాతి డోసుకు ప్రచారం మాట్లాడ్డానికి డాక్టరు గారు మళ్ళీ కొట్టుకు వచ్చారు. దేశాల సభ అయిపోయిందట. పూలగుడ్డ ఆమె అక్కడ టేపు పెట్టి అత్త మాట వినిపించిందట. ముందు తెలుగులో, తర్వాత వాళ్ళ భాషల్లో. సభకొచ్చిన అన్ని దేశాలవాళ్ళూ రెంటచింతల మైకులో అత్త అడిగిన మాట విన్నారట. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మాచర్ల బస్సెక్కాను.

అత్త గడపలో బొంత కుడుతోంది. చుట్టూ వాడు పాకుతున్నాడు, దారపుండ నోట్లో పెట్టుకుని. నేను ఆయాసపడుతూ అంతా చెప్పాను. నీ గొంతు సముద్రాలు దాటిపోయింది అత్తా, దేశాల పెద్దలందరూ విన్నారు అత్తా అని.

"విని ఏమన్నారంట?" అంది.

"చప్పట్లు కొట్టారంట!"

అత్త సూది ఆపింది. "చప్పట్లెందుకే? నేనడిగింది గదా. జరమొస్తే ఎవురుంటారని అడిగితే చప్పట్లు కొడతారా?"

ఎగురుకుంటూ వచ్చినదాన్ని అక్కడే చతికిలబడ్డాను. ఆమె మాత్రం నన్ను చూడ్డం లేదు. వీధి చివర గురజాల బస్సు ఆగి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి నర్సమ్మ దిగింది, ఐసు డబ్బా భుజాన వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో మా వైపు నడిచి వస్తోంది.

"వాళ్ళు చెప్పకపోతే పోనీలే" అంది అత్త, వాడి నోట్లోంచి దారపుండ లాగుతూ. "ఉండే మనిషి వస్తంది చూడు. లేచి మజ్జిగ కలుపు."

నేను కుండ దగ్గరికి పరిగెత్తాను.